బియ్యం డ్రమ్ములో దురియన్

మా ఆయనకి సర్పంచి సీటు ఎలక వల్లే పోయిందని ఊరంతా అనుకుంటున్నారు. అనుకోనీండి. అసలు సంగతి మీకు మాత్రమే చెబుతున్నా, ఎవరితో అనమాకండి.

ఆమధ్య గుంటూరు వెళ్లినప్పుడు సూపర్ మార్కెట్లో దురియన్ పండు కొన్నా. ఫోన్లో వీడియోలు చూసి మనసుపడ్డా లెండి. ఒళ్లంతా ముళ్లు, నొక్కితే రాయి. పచ్చిదనుకున్నా. మామిడికాయైనా సీతాఫలమైనా మా ఇంట్లో బియ్యంలో పెడితేనే మగ్గేది. ఇదేమన్నా ఎక్కువా? పాత సన్నబియ్యం డ్రమ్ములో అడుక్కంటా పూడ్చేసి మర్చిపోయా.

మూడో రోజు నుంచి ఇల్లంతా కంపు. ఎలక చచ్చిందని మా అత్తమ్మ, గ్యాస్ లీకని మా ఆయన. అటక మీద సామానంతా దింపాం, డ్రైనేజీ తవ్వించాం. ఎలక మాత్రం దొరకలా.

సరిగ్గా అప్పుడే మండలం పెద్దాయన భోజనానికొస్తానని కబురుపెట్టాడు. ఊళ్లో ఎవర్ని నిలబెట్టాలో తేల్చేది ఆయనే మరి. నాటుకోడి, గారెలు, గోంగూర, ఇంటినిండా అగరొత్తులు. మామూలు బియ్యం వండితే మర్యాదేముందని ఆ డ్రమ్ములోవే పైపైన తీసి వండా. అప్పుడైనా పండు గుర్తొచ్చిందా? అంత చురుకు బుర్ర నాది.

పెద్దాయన మొదటి ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. షుగరుందమ్మా, అన్నం తగ్గించా అంటా లేచి చెయ్యి కడుక్కున్నాడు. వాకిట్లో చెప్పులేసుకుంటా మా ఆయన భుజం తట్టాడు.

"ఇంట్లో చచ్చిన ఎలకని కనుక్కోలేనోడివి, ఊరినేం చూస్తావు అబ్బాయ్?"

సాయంత్రానికల్లా పక్కవీధి వీరయ్య మామ పేరు ఖాయం.

అప్పుడు వెలిగింది నాకు. డ్రమ్ము బోర్లిస్తే పండు పగిలి నవ్వుతా బయటపడింది, కంపంతా దాందే. పారేయబోయి, ఎందుకైనా మంచిదని కాస్త నాలిక్కి రాసుకున్నా. అమ్మో, ఏం రుచి! పనసతొన జున్నులో ముంచి తిన్నట్టుంది. మా ఆయన ముక్కు మూసుకుని, నన్ను తిడతానే నాలుగు తొనలు లాగించాడు. పెద్దాయనకి నిజం చెప్పేద్దామా అంటే, వద్దులే, ఈ పండు కంటే ఎలకే పరువు అన్నాడు.

నిన్న మా ఆయన కాఫీ తాగుతా నన్ను పిలిచాడు.

"ఏమే, ఆ పండు ఇంకోటి తెప్పించు."

రుచి మరిగాడని మురిసిపోయా.

"మనకి కాదు, వీరయ్య మామకి. నామినేషన్ వేసేలోపే పంపిద్దాం. బియ్యంలో ఎట్టా మగ్గబెట్టాలో నువ్వే దగ్గరుండి చెప్పు. నీకంటే అనుభవం ఎవరికుంది?"