నలిగిన పట్టు పరికిణీలు

మా పాప డిక్షనరీలో ‘సెర్చ్’ అర్థాలు పైకి చదువుతోంది: వెతకడం, గాలించడం, అన్వేషించడం. దేవులాడటం అందులో లేదు.

మీకూ గుర్తుండే ఉంటుంది, సందుకో కంప్యూటర్ కోర్సు బోర్డు వెలిసిన రోజులు. మేం ఫిల్మ్ నగర్‌లో ఉండేవాళ్లం. నాన్న సినిమాల్లో కాస్ట్యూమర్. షూటింగ్‌కి బట్టలు సర్ది ఇంటి ముందు నిలిపిన వ్యాన్ జోలికి పిల్లలం వెళ్లకూడదు.

ఒక సాయంత్రం నాలుగేళ్ల చెల్లి కనబడలేదు. నాన్న వీధులన్నీ గాలించి వచ్చారు. అమ్మ ఏడుస్తూ ఇల్లంతా వెతికింది.

“గిట్ల ఏడిస్తే దొరుకుతదా? జర ఆగు, నేను దేవులాడుత” అంటూ పక్కింటి యాదమ్మత్త వ్యాన్ ఎక్కింది. కలరా ఉండల వాసన మధ్య, హీరోయిన్ పట్టు పరికిణీల కింద చెల్లి నిద్రపోతోంది.

“అయ్యో, అవి రేపటి సీన్ బట్టలండీ” అంది అమ్మ.

నాన్న చెల్లిని వాటితో సహా ఎత్తి గుండెలకు హత్తుకున్నారు.

“నలిగితే నలగనీ.”