వట్టివేళ్ల తడక, వేడిగాలి

ఈ రోజు ఎండ మండిపోయింది. జ్వరంతో కాలిపోతున్న ఒక ముసలమ్మను, ఆమె కొడుకు మల్లయ్యను మంథని నుంచి కరీంనగర్ ఆసుపత్రికి నా కారులో తీసుకెళ్లాను. కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడక తడిగానే ఉన్నా లోపల వేడిగాలే కొడుతోంది. పెద్దపల్లి దాటాక ఆపి వెతికితే, నా కాళ్ల దగ్గర రబ్బరు ఊడిన రంధ్రంలోంచి ఇంజను సెగ వస్తోంది. అందులో తువ్వాలు కుక్కి మళ్లీ వేగంగా నడిపాను.

"మల్లయ్యా, ఇప్పుడు సల్లగైందా?"

"సల్లవడ్డది డ్రైవర్ సాబ్. ఇగ ఉరికియ్యకు, జర నిమ్మలంగ పోనియ్యి."

"తువ్వాల ఖరాబైతే అయింది, ఫికర్ లేదు!" అని నవ్వాను.

ఆసుపత్రి ముందు తలుపు తీస్తే ముసలమ్మ ముఖం మీద కొంగు కప్పి ఉంది. మల్లయ్య 'సల్లవడ్డది' అన్నది గాలి గురించి కాదని మీరైతే కనిపెట్టేవారా?

అక్కడే కారు వెనక్కి తిప్పాను. సాయంత్రం ఐదింటికి తల్లి శవంతో మల్లయ్య మంథనిలో దిగిపోయాడు.