బల్లకు అవతలివైపున మా పెద్దమ్మ

పోయిన శుక్రవారం పొద్దున, నేనింకా సగం నిద్రలో ఉండగా రాయచూరు నుంచి ఫోను వచ్చింది. పక్కింటి పెద్దమ్మ పోయింది. "నిన్న మంచిగనే తిన్నదక్కా. పొద్దున లేపితే లేవలే" అంది కోడలు. ఫోను పెట్టేశాక చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. మత్తు వదలకపోవడం వల్లనేమో, ఆమె ఎక్కడో కిటికీ పక్కన బొమ్మ గీసుకుంటూ ఉందని, నేను వెళ్ళడమే ఆలస్యమని అనిపిస్తూ ఉంది. ఆలస్యం మాట మాత్రం నిజమే. నేను రాసిన పుస్తకంలో ఆమెకు అన్యాయం చేశాను. ఆమె బతికుండగా దాన్ని దిద్ది చూపిస్తానని మాటిచ్చాను. దిద్దాను గానీ చూపించలేకపోయాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ళ ముందుగదిలో పెద్దనాయన ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే అచ్చు మిషను, అక్షరాల అరలు, కిటికీ కింద ఒక బల్ల, అంతే. పెళ్ళిపత్రికలు, అంగళ్ళ బిల్లు పుస్తకాలు, బియ్యం మిల్లుల లేబుళ్ళు అక్కడ తయారయ్యేవి. శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు పొగగొట్టాలు ఒకటొకటిగా లేస్తున్న రోజులవి. తెల్లవారుతూనే మిద్దె ఎక్కితే ఉత్తరాన సన్నగా పొగ కనిపించేది. "కరెంటు మన పెరట్లనే పుడుతది, మనింటికి మాత్రం చుట్టం లెక్క వచ్చిపోతది" అనేది పెద్దమ్మ. మధ్యాహ్నమైతే పంకా ఆగిపోయేది. ఇక గదిలో కిటికీ వెలుతురు ఒక్కటే దిక్కు.

ఆ వెలుతురు కోసమే బల్లకు ఇటు పెద్దనాయన, అటు పెద్దమ్మ కూర్చునేవారు. మిల్లు సావుకార్లు వస్తే పెద్దనాయన పక్కనే కుర్చీ లాక్కునేవారు. కాగితం ఎప్పుడూ వాళ్ళవైపు తిరిగి ఉండేది. పెద్దనాయన మాట్లాడేవాడు, సావుకార్లు తలూపేవారు, పెద్దమ్మ తల వంచుకుని అవతలినుంచి కుంచె కదిపేది. బడి లేని రోజుల్లో నేను ఆ బల్ల మూలన గడ్డం ఆనించుకుని ఉండేదాన్ని. సిరా వాసన, జిగురు వాసన కలిసి కళ్ళు మూతలు పడేవి. తెరిచేసరికి తెల్లకాగితం మీద ఒక రెక్క ఉండేది. ఇంకోసారి మూసి తెరిస్తే పక్షి ఉండేది. అలాంటి మధ్యాహ్నాలు ఎన్నని చెప్పను? ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కలిసి ఒకటే పొడవాటి మధ్యాహ్నంగా తోస్తాయి.

అందులో ఒక ముక్క మాత్రం తేటగా ఉంది. జవళగేర నుంచి ఒక మిల్లు యజమాని వచ్చాడు. కోస్తానుంచి వచ్చి కాలువ కింద స్థిరపడినవాడు. ఆయన బియ్యం బస్తాలకు గుర్తుగా ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ తయారవుతోంది. ఆయన కాసేపు నసిగి, "బొమ్మ భలేగా ఉందండి. కానీ ఒంటికాలంటే, మా మిల్లు కుంటుతోందనుకుంటారేమోనండి" అన్నాడు. పెద్దనాయన నవ్వాడు. పెద్దమ్మ కొంగ పాదం కింద ఒక నీటిగీత గీసింది. ఆ గీత కింద కొంగ నీడను గీసింది. గీసి, కాగితాన్ని మెల్లగా తలకిందులు చేసింది. తలకిందులైనా అది కొంగే.

"హమాలీ బస్తాను ఎట్ల ఏసినా కొంగ నిలబడే ఉంటది" అంది, పెద్దనాయనకు మాత్రమే వినబడేట్టు. పెద్దనాయన అదే మాటను గొంతెత్తి సావుకారుకు చెప్పాడు. "అబ్బ, ఏం బుర్రండీ మీది!" అని ఆయన పెద్దనాయన చేతులు పట్టుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. మెల్లగా అన్న మాటా విన్నాను, గట్టిగా అన్న మాటా విన్నాను. నాకు గుర్తుండిపోయింది గట్టిగా అన్నదే.

తర్వాత నేను హైదరాబాదుకు వెళ్ళి ఈ విద్యనే కాలేజీలో చదువుకున్నాను. సెలవులకు వచ్చేటప్పుడు లైబ్రరీ నుంచి పెద్ద పెద్ద పుస్తకాలు మోసుకొచ్చేదాన్ని. పోస్టర్లు, అక్షరాలు, కంపెనీ గుర్తులు, వాటిని తయారుచేసిన విదేశీ డిజైనర్ల ఫొటోలు. పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ముందుగా పుస్తకాన్ని ఉల్టా చేసేది. చివరిపేజీ నుంచి తలకిందులుగానే చూస్తూ వచ్చేది. "గదేంది పెద్దమ్మా?" అంటే, "సీదా ఉంటే అక్షరాలు అడ్డమొస్తయి బిడ్డా. బొమ్మ నిలబడ్డదా పడ్డదా ఉల్టా చేస్తేనే తెలుస్తది" అనేది. ఒక పేజీ నిండా ఖాళీ వదిలి మూలన చిన్న చుక్క పెట్టినాయన్ని చూసి, "ఈయనకు జాగ ఇడిశిపెట్టుడు తెలుసు. పెండ్లికార్డులోళ్ళకు ఎవరన్న చెప్పున్రి" అంది. మా ప్రొఫెసర్లు గంటసేపు చెప్పిన పాఠం అది.

ఒకసారి ఫొటోల దగ్గర ఆగింది. కళ్ళజోళ్ళు, గడ్డాలు, నోట్లో చుట్ట, ముందు బల్ల. "ఈయనింట్ల బల్లకు ఎదురుంగ కూసునేదెవరు?" అని అడిగింది.

"వాళ్ళకు పెద్ద ఆఫీసులుంటయి పెద్దమ్మా" అన్నాను నవ్వుతూ.

"ఆఫీసుల బల్లకు ఒకటే దిక్కుంటదా?" అని పేజీ తిప్పేసింది. నాకు అప్పుడు కూడా ఏమీ తట్టలేదు. చదువుకున్నదాన్ని కదా.

చాలా ఏళ్ళకు, మన చిన్న ఊళ్ళలో లేబుళ్ళు గీసి ఎవరికీ తెలియకుండా పోయినవాళ్ళ గురించి ఒక పుస్తకం రాశాను. ఎవరూ పట్టించుకోనివాళ్ళ పేర్లు వెతికి పట్టుకున్నానని నాకు గర్వంగా ఉండేది. జవళగేర కొంగకు ఒక పూర్తి పేజీ ఇచ్చాను. బొమ్మ కింద, గీసినవారు అని పెద్దనాయన పేరు వేశాను. అప్పటికి ఆయన పోయి చాలాకాలమైంది. మొదటి ప్రతిని పెద్దమ్మకే తీసుకెళ్ళాను. అలవాటు ప్రకారం ఉల్టా చేసి చూస్తూ వచ్చి ఆ పేజీ దగ్గర ఆగింది. అప్పుడు సీదా చేసి, కూడబలుక్కుని చదివింది. "కాయిదం మంచిది పెట్టినవ్" అంది. చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు నేనే కదిపాను. "కాలేజీల పిల్లలకు పాఠం చెప్పాలె పెద్దమ్మా. పెద్దనాయన ఆ కొంగను ముందు ఎక్కడ్నుంచి మొదలువెట్టిండు?" ఆమె ఒక పెళ్ళికార్డు వెనక్కి తిప్పి మా ఇద్దరి మధ్య పెట్టి, నా చేతిలో పెన్ను తీసుకుంది. ముక్కు, మెడ, వీపు, కాలు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఎదురుగా కూర్చున్న నాకు కొంగ నిటారుగా నిలబడింది. అంటే ఆమె దాన్ని తలకిందులుగా గీసింది.

"నువ్వేనా పెద్దమ్మా?" అన్నాను.

"మరెవరు? మీ పెద్దనాయన కోడి గీస్తె కుక్క అయితుండె" అని పకపకా నవ్వింది.

"మరి నాకు చెప్పలేదెందుకు?"

"నువ్వు పక్కకే కూసుని చూస్తుంటివి గద. చూసినదానికి చెప్పేదేముంటది?"

ఆ మాటకు నేను సిగ్గుతో చితికిపోయాను. ఎవరో చెప్పగా రాసిన తప్పు కాదు. కళ్ళారా చూసి, ఆడదాన్నయి ఉండి, పెద్దనాయన గీసిన గీతల్లో ఆమె సిరా నింపుతోందని అనుకుని రాసిన తప్పు.

సవరణ చీటీలు అచ్చువేయించి, నా దగ్గరున్న ప్రతుల్లో ఆ పేజీలో అతికించి, ఒకటి ఆమెకు చూపించాను. పెద్దమ్మ గోటితో అంచు గీకింది. చీటీ ఊడి చేతిలోకి వచ్చింది. "చూసినవా? పైంగ వంకరగ కూడ పెట్టినవ్" అంది. అయితే పేపర్లో రాస్తానన్నాను. "ఇగ చాలు, పేపర్ల వద్దు. తెల్లారితే మిర్చిబజ్జీలు కడతరు. నేను గీసినవన్ని గట్లనే పొయినయి, బస్తాలు చినిగి, డబ్బాలు పారేసి. పుస్తకంల అయితే ఉంటది. పుస్తకంల పెట్టు." ఊడిన చీటీని నా చేతిలో పెట్టి, "ఆయన పేరు తియ్యకు. ఆయన మాట్లాడకుంటే నా కొంగ మిల్లు దాంక పోతుండెనా? జర పక్కకు జరుపు, జాగ అయితది" అంది. చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, "నిజంగనే ఏస్తవా?" అని అడిగింది. తనకోసం ఆమె ఏదైనా అడగడం నా ఎరుకలో అదొక్కసారే. నేనిప్పుడు ఇది రాస్తున్నదీ పేపర్లోనే కాబట్టి ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు.

మొదటి అచ్చు అమ్ముడుపోతే గానీ రెండోది వేయనన్నారు ప్రచురణకర్త. రెండేళ్ళు పట్టింది. వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ ఏమీ అడిగేది కాదు, నా సంచి వైపు ఒకసారి చూసేది. చివరికి రెండోముద్రణ మొదలై ఆ పేజీ నమూనా నా చేతికొచ్చింది. ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో, ముందు ఆమెది. ఎనిమిది రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. నమూనా కాగితం పలచన, మంచి కాగితం మీద వచ్చాక చూపిద్దామనుకున్నాను. కాగితం గురించి ఆమె అన్న మాటను అలా పట్టుకున్నాను, మూర్ఖురాలిని. పలచటి కాగితమైతే ఏం? ఆమె చూసి ఉండేది.

వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మూడో రోజు, జనం పలచబడ్డాక, ముందుగదిలో కూర్చుని పేజీ బయటికి తీశాను. దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. పెద్దమ్మ మనవరాలు, నాలుగో తరగతి పిల్ల, వచ్చి నా భుజం మీదుగా చూసింది. చదువు కన్నడం బడిలో. అయినా తెలుగు అక్షరాలు దానికి ఎదురింటి పిల్లల్లాంటివే, పోల్చుకుంటుంది. వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుంది.

"తాత పేరు తెలుసు. ఇదెవరిది?"

"మీ అవ్వది."

అది నా ముఖంలోకి చూసింది. "అవ్వకు పేరుండెనా?"

ఆ ఇంట్లో ఆమె అత్త, అమ్మ, అవ్వ. గల్లీలో ప్రెస్సాయన ఇంటామె. నాకు పెద్దమ్మ. పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

"ఉండె" అన్నాను. "గట్టిగ చదువు."

అది గట్టిగా చదివింది. ఇంకోసారి చదివింది. వంటింట్లోకి పోయి అమ్మకు చెప్పింది. కోడలి చేతిలో గరిటె చప్పుడు ఆగింది. మిద్దె మీదున్న నాయనకు మెట్ల కిందినుంచి అరిచి చెప్పింది. తర్వాత వీధి తలుపు తెరుచుకుంది. గల్లీలో ఇంటింటి ముందూ ఆగి, మా అవ్వ పేరు ఇది అని ఆ పిల్ల చెప్పుకుంటూ పోతోంది. పేజీ చేతిలో పట్టుకుని, ఆ గొంతు మలుపు తిరిగేదాకా వింటూ కూర్చున్నాను.