సీ ఫ్యాన్‌కు చెవి ఎక్కడుంటది?

2023 వానకాలం. కోదాడలో ఒక మందుల షాపు పైన మా ఆఫీసు, నలుగురం ఆడవాళ్లం. లోతు సముద్రంలోకి దించిన రోబో కెమెరా తీసిన ఫొటోల్లో మెత్తటి పగడాలకు, సీ ఫ్యాన్లకు చుట్టూ గీత గీసి పేరు పెట్టడం మా పని. దీన్ని యానొటేషన్ అంటారు. సీ ఫ్యాన్ అంటే రాయికి అతుక్కుని విసనకర్రలా విచ్చుకునే పగడం. త్రిపురారం కాలువ తప్ప వేరే నీళ్లు చూడని నేను ఆ టీముకు లీడర్ని.

ఆ నెల పంపిన బ్యాచ్ మొత్తం తిరిగొచ్చింది. ఎర్రగా ఉన్నదానికి ఒక పేరు, పసుపుగా ఉన్నదానికి ఇంకో పేరు పెట్టాం. రెండూ ఒకటే జాతి. విశాఖ నుంచి పని ఇచ్చే సైంటిస్టు మేడం ఫోన్‌లో గొంతు కూడా పెంచలేదు.

"ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్లకు ఇచ్చేస్తామండి," అన్నారు.

ఆ పని పోతే ఆఫీసు మూతే. రంగు చూసి పేరు పెట్టమన్నది నేనే కాబట్టి సిగ్గుతో చచ్చిపోయాను. మొత్తం మళ్లీ మొదటి నుంచి చేద్దామని పట్టుబట్టాను.

మూడో రోజు మా టీములోని మంజుల నా కుర్చీ పక్కన నిలబడింది. తుంగతుర్తి దగ్గర గొర్లు కాసే ఇంటి మనిషి, మాట తక్కువ.

"రంగు ఇడిసిపెట్టక్కా. బొచ్చు కత్తిరిస్తే గొర్లన్నీ ఒక్కతీరే ఉంటయ్. మా నాయిన గొర్రె చెవికి పెట్టిన కోత సూసి మనవి ఏరుకుంటడు."

"మరి దీనికి చెవి యాడుంటదే?" అన్నాను చిరాగ్గా.

"గదే ఎతుకుదాం."

వెతికాం. కొమ్మలు విడివిడిగా ఉన్నాయా, వలలా కలిసిపోయాయా? కొమ్మ మీద పాలిప్‌లు, అంటే పువ్వుల్లా విచ్చుకునే చిన్న ప్రాణులు, రెండు పక్కలే ఉన్నాయా, చుట్టూ ఉన్నాయా? ముందు ఇవి చూడాలి, రంగు ఆఖర్న. పది రోజుల్లో ముప్పై ఏడు ఫొటోలు తప్ప అన్నీ తేలాయి. వాటిలో పాలిప్‌లు ముడుచుకుపోయి ఉన్నాయి.

నాకు ఖాళీలు వదలబుద్ధి కాలేదు. దగ్గరగా ఉన్న పేరు పెట్టేద్దామన్నాను.

"చెవి కోత తెల్వకుంటే మా నాయిన ఆ గొర్రెను మందల కలపడక్కా. పక్కకు కట్టేస్తడు," అంది మంజుల.

ముప్పై ఏడింటికీ 'సీ ఫ్యాన్, జాతి తెలియదు' అని రాసి పంపాను.

రెండు రోజులకు మేడం ఫోన్ చేశారు.

"ముందు ఆ ముప్పై ఏడే చూశానండి. ఫొటో చూసి నేను కూడా చెప్పలేను. ముక్క తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. మీరు పేర్లు పెట్టి ఉంటే మిగతావి కూడా నమ్మేదాన్ని కాదు."

ఆ పని ఇప్పటికీ మా దగ్గరే ఉంది. కొత్తగా ఎవరు చేరినా ముందు 'తెలియదు' అనే బటన్ ఎక్కడుందో చూపిస్తాను. పేర్లు మంజుల నేర్పుతుంది.