లేవి నేరుగా ఈదిన యాభై గజాలు

కర్నూలు–కడప కాలువ మీద లస్కరుగా కావలి కాసే లేవికి వంతెనలంటే చిన్నచూపు. అవతలి గట్టున తూము ఎత్తాలంటే తాళాలగుత్తి తలపాగాలో దోపుకుని కాలువలోకి దూకేసేవాడు. వంతెన మీదుగా చుట్టి వచ్చేవాళ్లు చేరేసరికి తూమెత్తి, పంచె పిండుకుని, బీడీ కూడా ముట్టించి ఉండేవాడు. ఒకసారి తనిఖీకొచ్చిన ఇంజనీరు దొర అది చూసి, గడియారం తీసి మళ్లీ దూకమన్నాడు. ఇంకోసారి దూకమన్నాడు. మూడోసారికి దొరే టోపీ గాల్లోకి విసిరి కేకలు పెట్టాడు.

అలా ఆ దొర పంపగా 1934లో లేవి డోన్‌లో రైలెక్కి మద్రాసు ఈత పోటీలకు పోయాడు. ఎవరికి నచ్చినట్టు వారు ఈదే యాభై గజాల పందెం. తుపాకీ పేలగానే అందరికన్నా ముందు దూకాడు, అందరికన్నా ముందు పోయాడు, కాకపోతే ఏటవాలుగా పోయి పక్కవాడి డొక్కలో తలతో పొడిచాడు. పాపం, అతని తప్పేముంది? కాలువలో ఎదురుగట్టున అనుకున్నచోట తేలాలంటే ప్రవాహానికి ఎదురుగా ఏటవాలుగానే ఈదాలి. ఊరి బావుల్లోకి వాళ్ల పేటవాళ్లను దిగనివ్వరు కాబట్టి నిలిచిన నీళ్లలో ఈత అతని ఒంటికి తెలియదు.

పందెం పోయింది. పొడిపించుకున్న సుందరం మాత్రం డొక్క పట్టుకుని నవ్వి, ఈ మనిషి తిన్నగా వస్తే ఎవడూ ఆపలేడని మద్రాసు జట్టు పెద్దలతో వాదించాడు. మరుసటేడు కొలంబోలో సిలోను జట్టుతో పోటీ ఉంది. తీసుకుపోతాం గానీ, మళ్లీ గీత దాటితే ఇక జన్మలో పిలవమన్నారు పెద్దలు.

లేవి ఇంటికొచ్చి భార్య ఏసుమణితో మొత్తుకున్నాడు.

"నేను సక్కగానే పోతాండా మే! ఒళ్లే వంకరగా పోతాండాది."

"దాని సంగతి నేను చూస్తాలే," అంది ఏసుమణి.

వేసవిలో కాలువకు నీళ్లు ఆపేశాక మిగిలిన మడుగు మీద ఆమె ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోకు కట్టింది. లేవి దాని వెంబడే ఈదాలి. పక్కకు జరిగితే మట్టిపెళ్ల వచ్చి వీపున పడేది. ఏసుమణి గురి గొప్పది. మొదటి వారం లేవి వీపు చూసి పాస్టరు ప్రేమయ్య వాళ్ల కాపురం బాగుపడాలని ప్రార్థన కూడా చేశాడు.

కొలంబోలో తుపాకీ పేలింది. లేవి ఎవరినీ చూడలేదు, అడుగున ఉన్న నల్లగీతనే చూశాడు. ఎప్పుడు వీపున పెళ్ల పడుతుందోనని ఒకటే భయం. చెయ్యి గోడకు తగిలింది. ఆ పందెంలో లేని సుందరం కోటూ బూటుతోనే నీళ్లలోకి దూకాడు.

"గెలిచావయ్యా లేవీ! వాళ్లింకా వస్తూనే ఉన్నారు!"

"అది సరేలేప్పా, సక్కగా వచ్చినానా లేదా?"

"దారం పట్టి లాగినట్టు వచ్చావు!"

అప్పుడు తన్నుకొచ్చింది లేవికి ఆనందం. సుందరాన్ని కోటుతో సహా ఎత్తి నీళ్లలో కుదేశాడు. ఎగిరాడు, మునిగాడు, తేలి మళ్లీ అరిచాడు.

సాయంత్రం తంతి ఆఫీసులో సుందరం కలం పట్టుకున్నాడు.

"మొదటి బహుమతి వచ్చిందని రాయనా?"

"వద్దప్పా. సక్కగా ఈదినాడని రాయి, సాలు. ఏసుమణి ఎగిరి గంతేస్తాది."