ఫ్యాను బాబాయి సుద్దగుర్తులు

నవంబరు పద్నాలుగో తేదీ. ముప్పై ఆరు మార్కులు. ఆ ఉదయానికి మూడో అంతస్తు వాటాకున్న మార్కు అది. లోపలి వేడిని ఇల్లు ఎంత పొదుపుగా నిలుపుకుంటుందో చెప్పే ఈ లెక్కలో ముప్పై తొమ్మిది రాకపోతే, చట్టం ప్రకారం నెలాఖరు తర్వాత ఆ వాటాను అద్దెకివ్వడానికి వీల్లేదు. అంటే, అందులో ఏళ్ల తరబడి బట్టలు కుడుతూ బతుకుతున్న దర్జీ, ఆమె అక్క సామాను సర్దుకోవలసిందే.

మార్కు వేయవలసిన మనిషిని ఆ పేటంతా ఫ్యాను బాబాయి అంటుంది. చాలాకాలం కిటికీలు బిగించి, మోకాళ్లు మొరాయించాక ఆయన ఈ పనిలో చేరాడు. వీధి తలుపుకు గుడ్డతెర కట్టి, దాని మధ్య పెద్ద ఫ్యాను పెట్టి ఇంట్లోని గాలిని బయటికి లాగుతాడు. అప్పుడు సందుల్లోంచి చలిగాలి లోపలికి దూరుతుంది. పొగపుల్లతో గోడల వెంట నడిచి, పొగ వంగిన చోటల్లా సుద్దతో సున్నా చుడతాడు. "ఊరందరి ఇళ్ల చిల్లులూ వెతుకుతాడు, మా పడగ్గది కిటికీ మాత్రం ఈల వేస్తూనే ఉంటుంది" అని ఆయన భార్య దెప్పుతుంది.

కిందటిసారి చుట్టిన ప్రతి సున్నానూ దర్జీ మూసేసింది. దూది కూరిన పొడవాటి గుడ్డగొట్టాలు కుట్టి కిటికీ అంచుల్లోకి దోపింది. కుట్టు కనబడనంత నేర్పుగా చేసింది. ఈసారి ఫ్యాను ఆగాక బాబాయి మీటరు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"నలభై ఒకటి, తల్లీ."

"నిజంగానా? అక్కా, విన్నావా! ఇల్లు నిలబడింది!"

లోపలి గదిలోంచి అక్క మూలిగింది. "విన్నానే. నిన్నటి నుంచీ తల పగిలిపోతోంది, కాస్త మెల్లిగా సంబరపడు."

పరీక్ష కోసం ఆర్పిన గ్యాసు గీజరును మళ్లీ వెలిగించి వెళ్లడం బాబాయి పద్ధతి. వెలిగించాడు. మంట నీలంగా నిలవలేదు. పసుపుపచ్చగా నాలుక చాపింది. నడుముకు తగిలించుకున్న విషవాయువు మీటరు కీచుమంది.

"ఆర్పేస్తున్నా. కిటికీలు తియ్యండి! అక్కగారిని బయటికి తీసుకురండి, ముందు ఆ పని చూడండి!"

దర్జీ అక్కను మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చేసరికి ఆయన గీజరు పక్క గోడను తడుముతున్నాడు. గోడ రంగు గుడ్డతో కుట్టిన మెత్త ఒకటి చేతికి తగిలింది. దాని వెనకే గీజరుకు గాలినిచ్చే రంధ్రం ఉంది.

"దీన్నెందుకు మూశావమ్మా?"

"మీరేగా గుర్తు పెట్టింది! సున్నాలో అడ్డంగా ఇంటూ కూడా కొట్టారు. మిగతావాటికన్నా పెద్ద చిల్లు కాబోలని దీనికి రెండు పొరలు వేశాను."

బాబాయి చేతిలో మెత్త అలాగే ఉండిపోయింది. సున్నా అంటే మూయవలసినది. ఇంటూ కొట్టిన సున్నా అంటే ముట్టుకోకూడనిది. ఎన్నో ఇళ్లలో గీసిన ఆ గుర్తును ఒక్క ఇంట్లోనూ నోటితో చెప్పలేదు.

"ఇది తెరిస్తే మార్కెంత?" అని ఆమె అడిగింది.

మళ్లీ ఫ్యాను తిరిగింది. "ముప్పై ఏడు."

"బాబాయ్, మీ కాళ్లు పట్టుకుంటా. పాత మార్కే రాసెయ్యండి. మీరు వెళ్లాక నేనే ఊడదీస్తాను. ఒట్టు."

"జనవరి చలికి మళ్లీ పెట్టవూ?"

బాబాయి ఇంటి యజమానికి ఫోను చేస్తే, "ఇన్నాళ్లూ వెలిగింది కదండీ, ఇప్పుడే ముంచుకొచ్చిందా? మీరు నలభై ఒకటి రాయండి, గీజరు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. బాబాయి ముప్పై ఏడే వేశాడు. గీజరు గొట్టానికి తాళం బిగించి, సుద్దగుర్తు తన తప్పేనని ఆమెకు చెప్పాడు.

"తప్పు మీది, రోడ్డున పడేది మేం," అంది దర్జీ. తలుపు వేసుకుంది.

గాలి రంధ్రం అక్కర్లేని కొత్త గీజరు పెడితే మార్కు చాలేది. మరుసటి వారం యజమాని గీజరు మార్చలేదు, ఖాళీ చెయ్యమన్నాడు. అక్కాచెల్లెళ్లకు రెండు వీధుల అవతల, కిటికీ ఒక్కటే ఉన్న చిన్న గది దొరికింది. అక్క తలనొప్పి అప్పటికే తగ్గిపోయింది. ఖాళీ చేసే రోజు ఆమె సామాను దింపేవాళ్ల మీద కేకలేస్తూ మెట్ల మీద నిలబడింది. పిలవకుండానే వచ్చిన బాబాయి గోడవార ఒదిగి నిలుచున్నాడు. కుట్టుమిషనును ఒక్కతే ఒక కొస పట్టుకుని మెట్టు మెట్టుగా దించుతున్న దర్జీ ఆయన్ని చూసి ఆగింది.

"చూస్తూ నిలబడతారేంటి? అటు కొస పట్టుకోండి."