అత్త నోట్లో గుండుసూదులు

మా మేనత్త మాట్లాడకుండా ఉండేది ఒక్క సమయంలోనే, నోట్లో గుండుసూదులు ఉన్నప్పుడు. ఆమె దర్జీ. గౌను అంచు మడిచేటప్పుడు ఐదారు సూదులు పెదవుల మధ్య బిగించుకుని, ఒక్కొక్కటే తీసి గుచ్చుతుంది. ఆఖరి సూది బయటికి రాగానే మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలు. వీధిలో అందరూ ఆమెను రేడియో అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "వినేవాళ్ళు ఉండబట్టే కదా మోగుతున్నాను" అంటుంది.

ఇలాంటి మనిషిని తెచ్చి, నోరు మెదపకుండా కూర్చునే మతంలో పడేశాడు మా మావయ్య. వాళ్ళింట్లో తాతల కాలం నుంచి అందరూ క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. ఆదివారం పొద్దున ఒక మామూలు గదిలో బెంచీల మీద కూర్చుంటారు. బోధకుడు ఉండడు, పాటలుండవు. గంటసేపు నిశ్శబ్దం. ఎవరికైనా లోపలి నుంచి ఏదైనా తోస్తే లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు కొంత ఉంటుందని, అది తెలియాలంటే ముందు నోరు మూసుకోవాలని వాళ్ళ నమ్మకం. అత్త పుట్టింటి భక్తి అంతా పాటలూ చప్పట్లూను. మొదటిసారి ఆ గదిలో పది నిమిషాలు ఓపిక పట్టి, పక్కావిడ చెవిలో "ఎవరు పోయారండీ?" అని అడిగిందట.

పెళ్ళి కూడా ఆ గదిలోనే. అక్కడ పెళ్ళి చేయించే పెద్ద అంటూ ఎవరూ ఉండరు, ఇద్దరూ లేచి నిలబడి తమంతట తామే మాట ఇచ్చుకోవాలి. మావయ్య ఒక్క వాక్యంలో ముగించాడు. అత్త పావుగంట తీసుకుంది. అందులో ఆయన చొక్కా కాలరు ఎంత ఘోరంగా కుట్టారో కూడా వచ్చింది.

నా తొమ్మిదో ఏట అమ్మా నాన్నా పోయారు. అప్పటి నుంచీ నన్ను పెంచింది అత్తే, ఆదివారాలు ఆ గదిలో కూర్చోబెట్టిందీ ఆమే. జడ ఎలా వేసుకోవాలో, ఏ బడికి వెళ్ళాలో, ఎవరితో తిరగకూడదో అన్నీ ఆమే తేల్చేసేది. "నీ వేళ్ళు సన్నవే, పోయి స్ప్రింగుల షెడ్డులో చేరు" అంటే చేరాను. నేను గొణిగేదాన్ని గానీ ఎదురు చెప్పింది లేదు. నిజానికి అందులో ఒక సుఖం ఉంది. ఏదైనా బెడిసికొడితే తిట్టుకోవడానికి మనిషి సిద్ధంగా ఉంటుంది.

మా షెడ్డులో తూకం మిషన్లకు స్ప్రింగులు చుడతాం. సన్నతీగ పని నాది. వెంట్రుకంత తీగను చుట్టుకూ చుట్టుకూ తేడా రాకుండా చుట్టడం అక్కడ నాకొక్కదానికే వచ్చు. మావయ్య పోయాక, అత్త కళ్ళు మసకబారాక, ఇల్లు నడిచేది ఆ పనిమీదే.

ఒక గురువారం యజమాని ఒక డ్రాయింగు తెచ్చి నా బల్లమీద పరిచాడు. తుపాకీ మీట వెనక ఉండే స్ప్రింగు అది. పెద్ద ఆర్డరు.

"తూకాల పని తగ్గిపోతోందమ్మా. ఇది చేస్తేనే షెడ్డు నిలబడుతుంది. కుదరదంటే నీకివ్వడానికి నా దగ్గర వేరే పనుండదు. సోమవారం చెప్పు" అన్నాడు.

క్వేకర్లు యుద్ధానికి వెళ్ళరు, ఆయుధాల పనికి చెయ్యి పెట్టరు. ఎదుటివాడిలోనూ ఆ వెలుగే ఉన్నప్పుడు వాణ్ణి ఎలా చంపుతాం అంటారు. కానీ చెయ్యొద్దని నన్ను శాసించే పెద్ద లేడు, చేస్తే వెలివేసేవాళ్ళూ లేరు. ఎవరి సమాధానం వాళ్ళే వెతుక్కోవాలి. అప్పుడు నాకు అదే ఒళ్ళు మండించింది. ఇంత పాతమతం, ఈ చిన్న విషయానికి ఒక ఆజ్ఞ రాసిపెట్టుకోలేకపోయిందా అనిపించింది.

ఒక ఆచారం మాత్రం ఉంది. ఎటూ తేలని మనిషి ముగ్గురు నలుగురిని పిలిచి కూర్చోబెట్టుకోవచ్చు. వాళ్ళు ప్రశ్నలు మాత్రమే అడగాలి. సలహా చెప్పకూడదు. "నీ స్థానంలో నేనుంటే" అన్న మాట కూడా రాకూడదు. నేను ఆదివారాలు మాతో కూర్చునే లెక్కల మాస్టారిని, ఆసుపత్రి నర్సమ్మను, అత్తను పిలిచాను. అత్త పేరు వినగానే మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పిలవకపోతే ఏడాదిపాటు దెప్పుతుందని ఆయనకు చెప్పాను. అసలు సంగతి వేరు. ఆమె నోరు ఆగదనీ, నియమం తప్పి "ఇది చెయ్యవే" అని ఏదో ఒకటి తేల్చేస్తుందనీ ఆశపడ్డాను.

శనివారం మధ్యాహ్నం ఆ గదిలోనే కూర్చున్నాం. అత్త ఒక లంగా, సూదుల డబ్బా వెంట తెచ్చుకుంది. కూర్చోగానే ఆరు సూదులు పెదవుల మధ్య బిగించింది.

కాసేపు మౌనం. తర్వాత మాస్టారు అడిగారు. "ఆ డ్రాయింగు చూడగానే ముందు నీకేం తోచింది?"

"సులువే, చుట్టేయొచ్చు అనిపించింది" అన్నాను. అనగానే సిగ్గేసింది.

"కాదంటే ఇల్లెలా గడుస్తుందమ్మా?" అంది నర్సమ్మ.

అత్త వైపు చూశాను. జవాబు ఆమె చెబుతుందనుకున్నాను. ఆమె ముఖం కందిపోయింది, మెడనరాలు బిగుసుకున్నాయి, సూదులు మాత్రం కదల్లేదు. విచిత్రం ఏమిటంటే, ఒక్క సూదినీ లంగాకు గుచ్చడం లేదు. గుచ్చితే అయిపోతాయని భయం కాబోలు. గంట గడిచింది. మేం ముగ్గురం తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం. అప్పుడు అత్త ఆరు సూదులూ ఒకేసారి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇంతకీ నీకు తెలీక మమ్మల్ని కూర్చోబెట్టావా, తెలిసే ఇంకొకరి నోటితో అనిపించాలని కూర్చోబెట్టావా?"

సూదులు మళ్ళీ నోట్లోకి వెళ్ళిపోయాయి.

నాకు చచ్చేంత కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేవలేదు, ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, తొందరపెట్టనూ లేదు. చివరికి "తెలిసే" అన్నాను. ఆ మాట అనగానే, గురువారం నుంచీ లేని ఆకలి వేసింది.

సోమవారం యజమానికి చెప్పేశాను, ఆ స్ప్రింగులు నేను చుట్టను, ఇంకొకరికి నేర్పను అని.

"మీ మతంలో పెద్దలే ఉండరంటావు. మరి వద్దని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదండీ, కూర్చోబెట్టి ప్రశ్నలడిగారంతే. అందుకే నేనే చెప్పాల్సి వచ్చింది."

ఆయన డ్రాయింగు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను నా పనిముట్లు తుడిచి సంచిలో సర్దుకున్నాను. భోజనాల వేళ ఆయన తిరిగొచ్చి సంచి వైపు చూశాడు.

"అవి తియ్యి. ఆ ఆర్డరు తిప్పి పంపేశాను. నన్నేం మెచ్చుకోవక్కర్లేదు. నువ్వెళ్ళిపోతే తూకాల పని కూడా ఆగిపోతుంది." రెండడుగులు వేసి ఆగాడు. "ఆ ప్రశ్నలడిగేవాళ్ళు బయటివాళ్ళ దగ్గరికి కూడా వస్తారా? మా తమ్ముడూ నేనూ ఈ షెడ్డు గురించి ఆర్నెల్లుగా మాట్లాడుకోవడం లేదు."

ఆ సాయంత్రం ఇంటికి దాదాపు పరిగెత్తాను. గుండె మీంచి బరువు దిగిపోయింది. అత్త అంతా విని, "హమ్మయ్య" అని, వెంటనే యజమాని గురించి, ఆయన తమ్ముడి గురించి, ఆ తమ్ముడి పెళ్ళాం రవికల కొలతల గురించి అందుకుంది. రేడియో మామూలుగా మోగుతోంది. నాకది ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మధ్యలో అడ్డుపడి అడిగాను.

"శనివారం నీకు చెప్పే వీలుంటే ఏం చెప్పేదానివి అత్తా?"

"ఏం చెబుతాను? నోరు మూసుకుని ఆ స్ప్రింగులు చుట్టి జీతం తెమ్మనేదాన్ని. నా కళ్ళు చూస్తున్నావుగా, సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పడుతోంది."

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే చేసేదానివి కదే" అంది అత్త, డబ్బాలో సూదులు వెతుక్కుంటూ.

అది నిజం. చేసేదాన్ని. బతికినంతకాలం ఆమెను తిట్టుకుంటూ చేసేదాన్ని.